ఇల్లు బాడుగకు, భూమి మనకు

భూమిని అమ్మక, సేద్యము మానక, పొలములోని యిల్లు కొన్ని దినములకు బాడుగకిచ్చి రైతు ఆదాయము పొందగలడా? శంషాబాదు చుట్టుపట్ల గ్రామములలో సంఘసభ్యులు మమ్ములను తరచుగా అడుగు ప్రశ్న యిది. పొందగలడనియే మా యభిప్రాయము. అయితే దాని కట్టుబాట్లును, లెక్కయు ముందుగా తెలిసికొనిన పిదపనే యీ పనికి పూనుకొనవలెను.

శంషాబాదు సంగతి సభ్యులకు క్రొత్త గాదు. 2008 సంవత్సరము మార్చి నెలలో ఇచ్చట విమానాశ్రయము పనిచేయ నారంభించినది. దానికై సుమారు 5,500 ఎకరముల భూమి కేటాయింపబడినది. నగరమును చుట్టి 158 కిలోమీటర్ల వలయ రహదారి ఏర్పడినది. జొన్నయు, కూరగాయలును, ద్రాక్షయు పండిన నేలను గజముల లెక్కన బేరమాడు కాలము వచ్చినది. భూమి నమ్మినవారి చేతికి ధనము వచ్చినది; ఆ ధనము పెండ్లిండ్లకును, బండ్లకును, మేడలకును వ్యయమైన కుటుంబములు మన యెరుకలో లేకపోలేదు. కొన్నవారు చుట్టును ప్రహరీగోడ కట్టి, నడుమ ఫారంహౌసు నిర్మించి, నగరవాసులకు దినబాడుగ కిచ్చుచున్నారు. నిన్నటి భూయజమాని నేడు అదే నేలకు కావలివాడగుట కంటె విచారకరమైనది వేరొకటి గలదా?

ఆ బాడుగ యిచ్చువారు ఎందులకు వచ్చుచున్నారు? అంతస్తుల యిండ్లలో పెరుగు పిల్లలకు ఆవు పాలు పితుకుట, మోటబావి, చెట్టుమీది జామకాయ వింతలు. విదేశములలో స్థిరపడిన మనవారు సెలవులకు వచ్చి, విమానము దిగిన గడియలోనే పల్లెగాలి పీల్చగోరుదురు. సమీపముననే అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయమును, 2022లో ఆవిష్కరింపబడిన ముచ్చింతల 216 అడుగుల రామానుజాచార్య విగ్రహమును గలవు. వారు కోరునది సేద్యము జరుగుచున్న పొలము. అది యున్నది రైతు వద్దనే.

ఈ పద్ధతిని చక్కగా నడిపిన దేశము ఫ్రాన్సు. రెండవ ప్రపంచయుద్ధానంతరము అచ్చటి కొండపల్లెలనుండి జనులు పట్టణములకు తరలిపోగా, రాతియిండ్లు పాడుపడజొచ్చెను. ఎమిల్ ఒబేర్ అను శాసనసభ్యుడు, ఆ యిండ్లను బాగుచేసి సెలవులకు వచ్చు కుటుంబములకు బాడుగ కిచ్చినచో రైతు ఊరిలోనే నిలుచునని తలచెను. ఆల్ప్సు పర్వతప్రాంతమున 1951లో మొదటి యిల్లు తెరువబడెను. 1955లో యజమానులందరు కలిసి ఒక సమాఖ్యగా నేర్పడిరి. అట్టి యింటిని వారు 'జీత్' అందురు. బసయని దాని యర్థము. ఇంటి సౌకర్యమునుబట్టి సమాఖ్యవారు ఒకటి మొదలు ఐదు వరకు కంకుల గుర్తు లిత్తురు. ఎక్కడనో యున్న కుటుంబము ఆ గుర్తు చూచి, తెలియని రైతుయింటిని నమ్మి బయానా పంపును.

అచ్చటి యాచారము గమనింపదగినది. ఇల్లంతయు సాధారణముగా వారముల లెక్కన ఇత్తురు. వంట అతిథులే చేసికొందురు. వచ్చిననాడు గిన్నెలు, మంచములు, దుప్పట్లు మొదలగు సామానుల పట్టిక ఇరువురును సరిచూచుకొందురు. పూచీసొమ్ము యజమాని వద్ద నుంచి, పోవునాడు మరల సరిచూచి తిరిగి యిత్తురు. కాబట్టి తగవునకు తావు తక్కువ.

మన ప్రాంతమున యిట్లు చేయగోరు సభ్యుడు ముందుగా చట్టము తెలిసికొనవలెను. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలములను కాపాడుటకై 1996లో వెలువడిన 111వ ప్రభుత్వోత్తర్వు 84 గ్రామములలో కట్టడములను నియంత్రించెను. 2022లో 69వ ఉత్తర్వు ఆ నిబంధనలను సడలించినను, తన సర్వే నంబరు సంగతి తహసీల్దారు కార్యాలయమున విచారింపక ఇటుక పేర్చరాదు. సాగునేలను వ్యవసాయేతర కార్యమునకు వాడుటకు 2006 సంవత్సరపు చట్టము ప్రకారము అనుమతి కావలెను. విదేశపు పాస్‌పోర్టు గలవారు బసచేసినయెడల 24 గంటలలోగా అధికారులకు తెలుపవలెను. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు ఆరుబయట ధ్వనివర్ధకములు మ్రోగింపరాదు. మద్యపానపు విందులకు ఇల్లిచ్చినవానికి ఒక రాత్రి లాభమేకాని, ఊరివారి మన్నన పోవును. కుటుంబములు ఆ గడప త్రొక్కవు.

రెండవది క్షేమము. బావికి నడుమెత్తు ఒరయును, పైన వలయును ఉండవలెను. మోటారు స్టార్టరు పెట్టెకు తాళము వేయవలెను. మరుగుదొడ్డి గుంట బావికి దూరముగా, పల్లపువైపున నుండవలెను. ఇంటి చుట్టును గడ్డి కోసి, రాళ్లకుప్పలు తీసివేసినచో పాముల భయము తగ్గును. పాముకాటు మందు దొరకు సర్కారు దవాఖాన పేరును, ఫోను సంఖ్యయు గోడకు వ్రాసి యుంచవలెను. పురుగుమందుల సీసాలు అతిథులు తిరుగు తావున ఎన్నడు నుండరాదు. మందు చల్లు దినములలో ఇల్లు బాడుగకీయవలదు. చల్లిన పిమ్మట డబ్బాపై వ్రాసిన గడువు దాటక కాయ కోసి పిల్లల చేతికీయరాదు. అతిథులకై మందు తగ్గించిన మడి క్రమముగా ఇంటివారికిని మేలుచేయును.

మూడవది సత్యము. విమానములు నెత్తిమీదుగా పోవు ఊరైనచో ఆ సంగతి ముందే చెప్పవలెను. వేసవిలో నీరు తక్కువైనచో అదియు చెప్పవలెను. చిత్రపటములో చూపిన చెట్టు పొలములో నుండవలెను.

ఇక లెక్క. దృష్టాంతమునకు ఊహించిన అంకెలతో చూతము. రెండు గదుల పెంకుటింటిని 2,00,000 రూపాయలతో బాగుచేసి, రాత్రి యొకటికి 2,500 చొప్పున నెలకు ఆరు రాత్రు లిచ్చినచో వచ్చునది 15,000 రూపాయలు. ఊడ్చి కడుగువారి కూలి 3,000, కరెంటు, నీరు 1,500, చాకలి, సబ్బు 1,500, మరమ్మతులకు తీసి యుంచునది 2,000, వెరసి 8,000. మిగులు 7,000. వానలలోను, మండువేసవిలోను ఎవరును రారని తలచి, ఎనిమిది నెలలే లెక్కించిన ఏటికి 56,000. అసలు తీరుటకే మూడున్నర యేండ్లు దాటును, వడ్డీ వేరు. కావున అప్పు తెచ్చి క్రొత్త మేడ కట్టుట మేము సలహా ఈయము. ఉన్న యింటిని బాగుచేయుడు. పంట మాని దీనినే నమ్ముకొనరాదు. పాడి, కోళ్లు ఎట్లో ఇదియు అట్లే ఒక ప్రక్క ఆదాయము. అయితే జొన్నరొట్టె, పచ్చిపులుసు, పాలు, కూరగాయలు అతిథులకు ఇంటివద్దనే అమ్మినచో, దళారికి పోవు భాగము రైతుకే దక్కును. ఆ శ్రమ ఇంటి స్త్రీలది గనుక ఆ సొమ్ము వారి పేరనే జమచేయుట న్యాయము.

తుదకు సంఘము మాట. ఒక్క రైతు ఒంటరిగా పూనుకొనినచో, పొరుగువాడు బాడుగ తగ్గించును, బేరము కుదుర్చువాడు తన వంతు పెంచును, అతిథి ఇరువురను ఆడించును. ఒక గ్రామమున ఐదారిండ్లవారు కలిసి ఒకే ధర, ఒకే షరతుల పత్రము, ఒకే ఫోను, ఒకే లెక్కపుస్తకము పెట్టుకొనినచో ఆ చిక్కు లుండవు. దుప్పట్లు, మంచములు కలిసి కొనినచో చౌకగా వచ్చును. ఒకరి యిల్లు నిండినచో రెండవవారికి పంపవచ్చును. శుభ్రము లేని యింటిని సంఘమే తన పట్టికనుండి తీసివేయవలెను. ఫ్రాన్సువారి కంకుల గుర్తునకు విలువ వచ్చినది అట్టి కట్టుబాటువలననే.

సభ్యులలో ఎవరికైన పొలమున వాడుకలేని యిల్లున్నచో, మొదట దాని కప్పును, బావిని, కాగితములను పరీక్షించి, వచ్చు సర్వసభ్య సమావేశమున సంగతి ప్రస్తావింపుడు. భూమి నమ్మిన ధనము ఒక తరము ననుభవించుటకే చాలదు. భూమి నిలిపి, దానిపైని యింటికి బాడుగ తీసికొనినవాడు తన కుమారునకు రెండును అప్పగింపగలడు.