మరచిపోయిన ఒక్క బిగింపు

1935 అక్టోబరు 30. అమెరికాలో డేటన్ నగరం చేరువనున్న రైట్ ఫీల్డ్ విమానక్షేత్రం. బోయింగ్ సంస్థ నిర్మించిన నాలుగు ఇంజన్ల కొత్త బాంబరు విమానం పరీక్షార్థం నేల విడిచింది. నిట్టనిలువుగా పైకి లేచి, ఒరిగి, కూలి మంటల్లో చిక్కుకుంది. దాన్ని నడిపిన మేజర్ ప్లోయర్ హిల్, వెంట ఉన్న బోయింగ్ పైలట్ లెస్లీ టవర్ ఆ ప్రమాదానికి బలి అయ్యారు. ఇద్దరూ ఆరితేరినవారే.

యంత్రంలో లోపం లేదని దర్యాప్తులో తేలింది. విమానం నేలమీద నిలిచి ఉన్నప్పుడు గాలి తాకిడికి తోకలోని పలకలు ఊగకుండా ఒక బిగింపు వేస్తారు. ఎగరబోయే ముందు దాన్ని విప్పాలి. ఆ సంగతి వారికి తెలియనిది కాదు. ఆనాడు మరచిపోయారు, అంతే.

సైనిక పైలట్లు దీనికి కనుగొన్న విరుగుడు చాలా చిన్నది: బయలుదేరే ముందు, దిగే ముందు వరుసగా సరిచూసుకోవలసిన అంశాల పట్టిక. ఆ విమానమే తరువాత బి-17గా పేరు పొందింది.

ఇంత చిన్న పట్టికను కార్యవిధానం అనవచ్చునా? కార్యవిధానమంటే లావుపాటి పుస్తకమనీ, పై అధికారి సంతకమనీ చాలామంది అభిప్రాయం. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2015లో ఇచ్చిన నిర్వచనం వేరు. ఒక పనిని గాని, ప్రక్రియను గాని నిర్వహించడానికి నిర్దేశించిన తీరే కార్యవిధానం. అది రాతలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. నాణ్యత నిర్వహణకై ఆ సంస్థ రూపొందించిన 9001 ప్రమాణపు 2000 నాటి ప్రతి, ఆరు కార్యవిధానాలు తప్పక రాతలో ఉండాలన్నది. 2015 ప్రతిలో ఆ నిబంధన తొలగింది.

అయితే రాత అనవసరమా? కాదు. బిగింపు విప్పాలన్న నియమం హిల్ బృందానికి జ్ఞాపకంలో ఉంది. జ్ఞాపకం ఒక్కసారి మోసగించింది. మరపు ప్రాణాంతకమైన చోట రాత ఉండి తీరాలి. రాసినంత మాత్రాన పని ముగియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సల కోసం 19 అంశాల పట్టికను తయారుచేసింది. రోగి ఎవరు, కోత ఎక్కడ అన్నవి కత్తి పట్టకముందే అందరూ వినేలా పైకి చెప్పి సరిచూసుకోవాలి. ఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పాటించి చూశారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్టు 2009లో ఫలితాలు వెలువడ్డాయి.

ఒకచోట కార్యవిధానం ఉన్నదా లేదా తెలుసుకోవడానికి అల్మారా తెరవనక్కరలేదు. పనిచేస్తున్న మనిషి పక్కన కాసేపు నిలబడితే చాలు.