తాళం నంబరు పంపితే సరిపోదు

పిట్స్‌బర్గ్ శివార్లలోని పెన్‌హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడికి కారులో పది నిమిషాల దూరంలో మాకో పాత ఇల్లుంది. మూడు పడగ్గదులు, కింద బేస్‌మెంటు, వెనక అద్దాల వరండా. పదేళ్లు మేం కాపురం ఉన్న ఇల్లే. పిల్లల స్కూలు కోసం 2022లో ఊరికి ఉత్తరాన మరో ఇంటికి మారాం. పాతదాన్ని అమ్మడానికి మా ఆవిడకు మనసొప్పలేదు. తక్కువ వడ్డీకి దొరికిన అప్పును వదులుకోవడానికి నాకూ లెక్క కుదరలేదు. సరే, రోజుల లెక్కన అద్దెకిద్దాం అనుకున్నాం.

వృత్తిరీత్యా నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. దేన్ని చూసినా ఆటోమేషన్ చేసేయాలన్న జబ్బు ఉంది. తలుపుకి నంబరు నొక్కితే తెరుచుకునే తాళం పెట్టాను. బుకింగ్ కాగానే దానంతటదే వెళ్లే మెసేజ్ రాశాను. అతిథి వెళ్లగానే శుభ్రం చేసేవాళ్లకు కబురు వెళ్లేలా క్యాలెండర్ కలిపాను. మనిషి అవసరం లేకుండా నడిచే ఇల్లు తయారుచేశానని మిత్రుల దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఆ గొప్ప మొదటి నెలలోనే దిగిపోయింది.

మూడు నక్షత్రాల పాఠం

న్యూజెర్సీ నుంచి ఆరు గంటలు ప్రయాణం చేసి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. ఎనిమిది మంది. పిల్లాడి పుట్టువెంట్రుకలు తీయించడానికి. వెళ్లాక ఐదింటికి మూడు నక్షత్రాలే ఇచ్చారు. నాకు ఉక్రోషం వచ్చింది. ఇల్లు అద్దంలా ఉంది కదా, పరుపులు కొత్తవి కదా అనుకుంటూ ఫోన్ చేశాను. ఆ ఇంటి ఇల్లాలు ఓపిగ్గా చెప్పారు.

"అన్నయ్యగారూ, ఎనిమిది మందికి అన్నం వండే గిన్నె లేదు. రెండుసార్లు వండి మొదటి వాయి చల్లారిపోయాక తిన్నాం. బాత్రూంలో మగ్గు లేదు. పోపు వేయగానే అలారం మోగింది. మా అత్తగారు ఇల్లు కాలిపోతోందనుకుని చెప్పుల్లేకుండా చలిలో బయట నిలబడ్డారు."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ ఇంట్లో పదేళ్లున్నాం. పోపు వేసే ముందు మా ఆవిడ కిటికీ తెరిచి, ఫ్యాన్ వేసి, ఒక పిల్లాణ్ని తువ్వాలుతో అలారం కింద నిలబెట్టేది. మాకది అలవాటు. వచ్చినవాళ్లకి ఎలా తెలుస్తుంది?

ఆ వారమే అలారం జాగా మార్చాను. పొయ్యికి కనీసం పది అడుగుల దూరంలో, వంట పొగకు తొందరగా మోగని ఫోటోఎలక్ట్రిక్ రకం పెట్టాం. విసుగొచ్చి అలారం ఊడదీసే పని మాత్రం ఎవరూ చేయొద్దు. చలికాలంలో గ్యాస్ హీటర్లు నడిచే ఇళ్లలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉండి తీరాలి. పెద్ద రైస్ కుక్కరు, ఐదు లీటర్ల గిన్నె, అట్లకాడ, చపాతీ కర్ర, మూడు మగ్గులు, గుమ్మం పక్కన చెప్పుల స్టాండు కొన్నాం. అన్నీ కలిపి ఒక రాత్రి అద్దె కూడా కాలేదు.

ఎవరొస్తారు, ఏం కావాలి?

అమెరికాలో తొలితరం హిందూ దేవాలయాల్లో పెన్‌హిల్స్ గుడి ఒకటి. 1970ల్లో తిరుమల ఆలయం నమూనాలో కట్టారు. ఒహాయో, మేరీలాండ్, వర్జీనియా, న్యూజెర్సీల నుంచి కార్లలో వస్తూనే ఉంటారు. అలెగనీ, మొనాంగహీలా నదులు కలిసి ఒహాయో నదిగా మారేది ఈ ఊళ్లోనే. మనవాళ్లు దాన్ని చూసి త్రివేణి సంగమం అంటూ మురిసిపోతారు. మే నెలలో కార్నెగీ మెలన్, పిట్ యూనివర్సిటీల పట్టాల పండగకి పిల్లల తల్లిదండ్రులు దిగుతారు. వేసవిలో నయాగరా వెళ్తూ దారిలో ఆగేవాళ్లుంటారు. పెద్దాసుపత్రుల్లో వైద్యానికి వచ్చి వారాల తరబడి ఉండేవాళ్లూ ఉంటారు.

వీళ్లలో మొదటిసారి అమెరికా వచ్చిన అమ్మానాన్నలే నాకు ఎక్కువ నేర్పారు. తెల్లవారుజామున మూడింటికే వాళ్లకు మెలకువ వస్తుంది. పక్కగదిలో కొడుకు నిద్రపోతుంటాడు, లేపడానికి మనసొప్పదు. అద్దం పలక పొయ్యి ఎలా వెలిగించాలో తెలియదు. కాఫీ తాగకుండా ఆరు దాకా చీకట్లో కూర్చుంటారు. ఈ సంగతి ఒక రిటైర్డ్ మాస్టారు నవ్వుతూ చెప్పారు గానీ, నాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రే తెలుగులో పెద్దక్షరాలతో ఒక కాగితం రాసి, వంటింట్లో అంటించాను. పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుంది, కాఫీ పొడి ఏ డబ్బాలో ఉంది, సింకులో కూరగాయల తొక్కలూ మిగిలిన అన్నమూ ఎందుకు వేయకూడదు, గోడమీద హీటరులో 72 అంటే మన లెక్కన 22 డిగ్రీలని. అన్నిటికన్నా ముఖ్యమైనది బాత్రూం సంగతి. మన ఊళ్లో బాత్రూం నేలమీద నీళ్లు పోస్తే తూములోకి పోతాయి. ఇక్కడి ఇళ్లలో నేలకి తూము ఉండదు. తొట్టి బయట నిలబడి మగ్గుతో స్నానం చేస్తే నీళ్లు కింది గది పైకప్పులోకి దిగుతాయి. మా వంటింటి పైకప్పు మీద ఇప్పటికీ ఆ మచ్చ ఉంది. తప్పు ఆ పెద్దాయనది కాదు, చెప్పని నాది. తొట్టిలో ఒక స్టూలు, చేత్తో పట్టుకునే షవరు పెట్టాక ఆ బాధ తీరింది.

అబద్ధం టైపు చేసిన రోజు

ఇంతవరకూ వస్తువుల సంగతి. వస్తువులతో తీరని సంగతి గత ఏడాది అక్టోబరులో వచ్చింది.

కొలంబస్ నుంచి ఒకాయన మూడు రాత్రులకు అడిగారు. తండ్రిగారి సంవత్సరీకం. ఆయన కొలంబస్‌లో, చెల్లెలు మేరీలాండ్‌లో. ఇద్దరికీ మధ్యలో ఉంటుందని పిట్స్‌బర్గ్ అనుకున్నారు. పురోహితుణ్ని మాట్లాడుకున్నారు. ఇండియా నుంచి వచ్చిన తల్లి చేత్తోనే వంట. ఆయన అడిగింది ఒక్కటే: "మీ వంటింట్లో మాంసం వండరు కదా?"

అంతకుముందు శనివారమే అక్కడ మటన్ బిర్యానీ వండారు. మసాలా వాసన నేనే చూశాను. మా ఇంట్లోనూ ఆదివారం కోడికూర ఉంటుంది. అయినా "వండరండీ" అని టైపు చేశాను. మూడు రాత్రుల అద్దె. అక్టోబరు తర్వాత చలికాలమంతా ఇల్లు సగం ఖాళీగా ఉంటుంది. శుభ్రం చేసేవాళ్లు ఎలాగూ వస్తారు, ఎవరికి తెలుస్తుంది?

పంపే మీట నొక్కబోయి ఆగాను. మా నాన్నగారు 2021 మేలో ఒంగోలులో పోయారు. భారత్ నుంచి వచ్చేవాళ్లపై అమెరికా ఆంక్షలు పెట్టిన రోజులవి. నాది వీసా మీద ఉద్యోగం. వెళ్తే తిరిగి ఎప్పుడు రాగలనో తెలియదు. తమ్ముడు కర్మ చేస్తుంటే ఫోన్‌లో చూశాను. మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయింది. సంవత్సరీకానికీ వెళ్లలేదు. ఆ మాట తెరమీద చూశాక అబద్ధం పంపడానికి వేలు కదల్లేదు.

చెరిపేసి ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఫోన్ తల్లిగారి చేతికి వెళ్లింది.

"నిజం చెప్పావు, మంచిది బాబూ. ఇప్పుడేం చేద్దామో చెప్పు" అన్నారావిడ.

ఇద్దరం ఫోన్‌లోనే ప్లాను వేశాం. వెనక వరండాలో ఎప్పుడూ వంట చేయలేదు. అక్కడ రెండు కొత్త ఇండక్షన్ పొయ్యిలు, కొత్త గిన్నెలు, కొత్త కత్తిపీట పెట్టాలి. ఒక్కో పొయ్యి 1,800 వాట్లు లాగుతుంది. ఇక్కడి 15 ఆంపియర్ల లైను ఒకదానికే సరి. రెండూ ఒకే లైనులో పెడితే ఫ్యూజు పడిపోతుంది. రెండోదానికి వేరే లైను నుంచి మందమైన తీగ లాగాను. పనంతా పూర్తయిందని ముందురోజు సాయంత్రం ధీమాగా వాళ్లకు అప్పగించాను.

రాత్రి ఎనిమిదింటికి ఫోన్. ఆవిడ ఇండియా నుంచి సూట్‌కేసులో ఇత్తడి గిన్నె తెచ్చుకున్నారు. పరమాన్నం అందులోనే వండాలట. ఇండక్షన్ పొయ్యికి అయస్కాంతం అంటుకునే లోహమే కావాలి, ఇత్తడిని అది గుర్తించదు. ఇంజినీరుని నేనే, ఆ ప్రశ్న అడగనిదీ నేనే. దుకాణం మూసేలోపు పరుగెత్తి, కాయిల్ ఎర్రగా కాలే మామూలు కరెంటు పొయ్యి కొని తెచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం అంతా సవ్యంగా జరిగిందో లేదో కనుక్కుందామని వెళ్లాను. ఆవిడ గుమ్మంలోనే ఆపారు.

"ఇవాళ్టి వంట బయటివాళ్లకు పెట్టకూడదు నాయనా. రేపు పొద్దున టిఫినుకి రా. మీ ఆవిడనీ పిల్లల్నీ తీసుకురా."

వెళ్లాం. మా ఇంట్లో, మా సోఫాలో మమ్మల్ని కూర్చోబెట్టి పెసరట్లు వేసి పెట్టారు. పిల్లలు చేతులు కడుక్కోవడానికి ఎటు వెళ్లాలో ఆవిడే చూపించారు. మాటల్లో మా నాన్నగారి సంగతి వచ్చింది. తమ్ముడు చేస్తున్నాడు కదా అన్నాను. "అన్నదమ్ములు వేరుపడ్డాక ఎవరి ఇంట్లో వాళ్లు పెట్టుకోవాలి. అతను చేస్తే నీది తీరదు" అన్నారు. మందలించినట్టు లేదు. కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అన్నారు.

మొదలుపెట్టాలనుకునేవారికి

ఈమధ్య చాలామంది మిత్రులు ఈ పని గురించి అడుగుతున్నారు. నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

హెచ్1బి మీద ఉన్నవాళ్లు తొందరపడొద్దు. ఇల్లు అద్దెకిచ్చి ఆదాయం తీసుకోవడం వేరు, రోజూ అతిథుల్ని చూసుకుంటూ దాన్ని వ్యాపారంగా నడపడం వేరు. రెండోది అనుమతి లేని పని కింద లెక్కకు రావచ్చు. ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. నేను గ్రీన్‌కార్డు వచ్చాకే మొదలుపెట్టాను.

మీ ఊరి నిబంధనలు, ఇళ్ల సంఘం నియమాలు చదవండి. కొన్నిచోట్ల పర్మిట్ కావాలి, కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు. పెన్సిల్వేనియాలో హోటల్ గదుల మీద వేసే 6 శాతం రాష్ట్ర పన్ను మన ఇళ్లకూ వర్తిస్తుంది. కౌంటీ పన్ను అదనం. ఏది సైటు కడుతుందో, ఏది మీరు కట్టాలో రాతపూర్వకంగా తెలుసుకోండి. మామూలు ఇంటి బీమా ఇలాంటి అద్దెకు సాధారణంగా వర్తించదు, వేరే పాలసీ తీసుకోవాలి.

ఇంటి లోపల కెమెరాలు వద్దు. ఎయిర్‌బిఎన్‌బి 2024 ఏప్రిల్ 30 నుంచి వాటిని పూర్తిగా నిషేధించింది. గుమ్మం బయట ఉంటే ముందే చెప్పాలి.

"శాకాహారులకే ఇస్తామని రాసేయొచ్చుగా" అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నాకు నచ్చలేదు. ఆసుపత్రిలో ఉన్న భార్య కోసం నెలరోజులు మా ఇంట్లో ఉన్నాయన రోజూ చికెన్ సూపు కాచి తీసుకెళ్లేవాడు. ఆయన్ని ఏమని కాదంటాం? ఇప్పుడు మా ఇంటి వివరాల్లో ఇలా ఉంటుంది: "వంటింట్లో ఏదైనా వండుకోవచ్చు. పూజలకు, ఆబ్దికాలకు మడిగా వండుకోవాలంటే వరండాలో వేరే పొయ్యిలు, వేరే గిన్నెలు ఉన్నాయి. ముందుగా చెప్పండి." అది చదివి కొందరు బుక్ చేయకుండా వెళ్లిపోతారు. వచ్చినవాళ్లు మాత్రం తెలిసే వస్తారు.

తాళం నంబరు ఇప్పటికీ మెసేజ్‌లోనే వెళ్తుంది. కాకపోతే దానికి ముందు ఒక ఫోన్ చేస్తున్నాను. ఎంతమంది వస్తున్నారు, పెద్దవాళ్లున్నారా, మెట్లు ఎక్కగలరా, ఏ పని మీద వస్తున్నారు అని అడుగుతాను. ఐదు నిమిషాలు పడుతుంది. ఇత్తడి గిన్నె తెస్తున్నారా అని కూడా అడుగుతాను. కొందరు నవ్వుతారు.

ఈ ఏడాది మా నాన్నగారి తిథి వచ్చినప్పుడు క్యాలెండర్‌లో మూడు రాత్రులు ఎవరికీ ఇవ్వకుండా మూసేశాను. ఒంగోలు నుంచి అమ్మ ఫోన్‌లో చెబుతుంటే, మా ఆవిడ వరండాలో ఆ కాయిల్ పొయ్యి మీదే పరమాన్నం వండింది.