అదనుకు అందే అప్పు

మంచాల మండలంలో కూరగాయలు పండించే చిన్న రైతుకు మార్కెట్ కొరత లేదు. సాయంత్రం కోసి ట్రేలకెత్తిన టమాటా, బెండ, వంకాయ ఆటో ట్రాలీలో ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డెక్కితే తెల్లవారకముందే హైదరాబాద్‌లో దిగుతాయి. కోటి మంది తినే మహానగరం గడప ముందే ఉంది. అయినా పంట అమ్మిన మర్నాడు ఆ రైతు చేతిలో డబ్బు ఆడదు.

ఎందుకో తెలియాలంటే అడ్తి దుకాణంలో రాసిచ్చే తక్‌పట్టీని ఒకసారి నిదానంగా చదవాలి. పైన తూకం, రేటు. దాని కింద కమీషన్, హమాలీ. అన్నిటికన్నా అడుగున బాకీ కింద కోత. విత్తనాలకని, నారుకని, మల్చింగ్ షీటుకని సీజన్ మొదట్లో దుకాణదారు ఇచ్చిన అడ్వాన్సు అది. ఆ బాకీ తీరేదాకా సరుకు ఆ దుకాణానికే రావాలి. పక్క మార్కెట్‌లో ట్రేకు యాభై రూపాయలు ఎక్కువ పలుకుతున్నా అటు వెళ్లే వీలుండదు. రైతు మిత్తి కడుతున్నట్టు పైకి కనిపించదు గానీ, రేటులోనూ తూకంలోనూ కట్టేస్తూనే ఉంటాడు.

ఊళ్లో తెచ్చే అప్పు లెక్క ఇంకా తేలిక. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. యాభై వేలు తెచ్చి ఆరు నెలలకు తీరిస్తే మిత్తే ఆరు వేలు. అదే డబ్బు కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకుని గడువులోగా కడితే, కేంద్రం ఇచ్చే రాయితీ పోను పడే వడ్డీ ఏడాదికి 4 శాతమే. ఆరు నెలలకు వెయ్యి రూపాయలు. మిగిలిన ఐదు వేలు ఎకరం టమాటాకు కూలీల ఖర్చులో ఒక భాగం. కిసాన్ కార్డు 1998లో వచ్చింది. పంట రుణంపై ఈ రాయితీ 3 లక్షల దాకా వర్తిస్తుంది. తాకట్టు లేకుండా ఇచ్చే పరిమితిని రిజర్వ్ బ్యాంక్ 2025 జనవరి 1 నుంచి 1.60 లక్షల నుంచి 2 లక్షలకు పెంచింది. కాగితం మీద ఇంతకన్నా మంచి ఏర్పాటు అడగలేం.

కానీ ఈ కార్డు పట్టాదారు పాసు పుస్తకాన్ని వెతుక్కుంటూ పోతుంది. మంచాలలో దున్నే చేయి ఒకరిది, పాసు పుస్తకం ఇంకొకరిది కావడం కొత్త సంగతి కాదు. రాజధానికి ఇంత దగ్గరలో ఉన్న నేల కొన్నవారిలో చాలామంది సేద్యానికి కొనలేదు. 2025 మార్చిలో ఏర్పడిన ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలో 7 మండలాలకు చెందిన 56 గ్రామాలుంటే, వాటిలో 3 మంచాల మండలానివి. వెంచర్ల హద్దురాళ్ల పక్కనే కౌలు రైతు బెండ తోట వేస్తున్నాడు. నేల విలువ కోట్లకు చేరింది. ఆ నేల మీద పంట తీసే మనిషికి మాత్రం యాభై వేల అప్పు పుట్టదు.

రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం కౌలుదారులు, నోటిమాట మీద కౌలుకు చేసేవారు, పాలుకు చేసేవారు కూడా కిసాన్ కార్డుకు అర్హులే. నలుగురైదుగురు కలిసి ఉమ్మడి పూచీ సంఘంగా ఏర్పడితే భూమి కాగితం లేకుండానే అప్పు ఇవ్వవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం కూడా తెచ్చారు. భూయజమానికి భయం, అధికారికి పని భారం, బ్యాంకుకు అనుమానం, ఈ మూడూ కలిసి దాన్ని నీరుగార్చాయి. భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక పహాణీలో అనుభవదారు కాలమ్ కూడా పోయింది. సాగు చేస్తున్నదెవరో చెప్పే ఒక్క కాగితమూ లేనప్పుడు బ్యాంకు మేనేజర్‌ను తప్పుపట్టి లాభం లేదు.

ఎకరాల లెక్కన ఇచ్చే సాయానిదీ ఇదే దారి. 2018 మే 10న మొదలైన రైతుబంధు పట్టాదారు ఖాతాలోకి వెళ్లింది. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసాగా ఎకరానికి ఏడాదికి 12 వేలు చేశారు, సాగుకు పనికిరాని భూములను తీసేశారు. అది సరైన నిర్ణయమే. 2024లో నాలుగు విడతల్లో జరిగిన 2 లక్షల రుణమాఫీ కూడా చాలా ఇళ్లలో ఊపిరి పోసింది. అయితే బ్యాంకు అప్పు పుట్టినవాడికే కదా మాఫీ. అడ్తిదారు దగ్గర బాకీ పడ్డవాడి పేరు ఆ జాబితాలో ఎలా ఉంటుంది?

ఇక పొలం నుంచి వంటింటికి వద్దాం. పొదుపు సంఘాల మహిళలు చేసే పచ్చళ్లు, కారంపొడి, జొన్నరొట్టెలు, సకినాలు నగరంలో బాగా అమ్ముడవుతాయి. వీటికోసమే కేంద్రం 2020 జూన్ 29న సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకాన్ని ప్రారంభించింది. 10 వేల కోట్ల రూపాయలతో ఐదేళ్ల పథకం, తర్వాత 2025-26 దాకా పొడిగించారు. యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ. వినగానే మూడో వంతుకు పైగా ప్రభుత్వమే చేతికిస్తుందనుకుంటారు. లోపల నడిచే పద్ధతి వేరు.

ఆరు లక్షల యూనిట్ అనుకుందాం. పిండిమర, ప్యాకింగ్ మిషన్, షెడ్డు మరమ్మతు. పది శాతం, అంటే 60 వేలు, ముందు సొంతంగా పెట్టాలి. మిగతా 5.40 లక్షలు బ్యాంకు అప్పు. సబ్సిడీ 2.10 లక్షలు మంజూరైనా చేతికి రాదు. బ్యాంకులో అప్పు ఖాతాకు జతగా ఉండే వేరే ఖాతాలో పడుతుంది. చివరి విడత అప్పు విడుదలైన మూడేళ్ల తర్వాత, యూనిట్ నడుస్తూ, వాయిదాలు సక్రమంగా ఉంటేనే దాన్ని అప్పులో జమ చేసుకుంటారు. ఈ నిబంధన నాకు సబబుగానే తోస్తుంది. సబ్సిడీ కోసం మిషన్లు కొని మూలన పడేసే అలవాటుకు ఇదొక అడ్డుకట్ట. కానీ ఈ సంగతి మొదటి రోజే చెప్పేవాళ్లుండాలి. జిల్లాలో ఈ పథకానికి నియమించిన రిసోర్స్ పర్సన్ ప్రాజెక్టు రిపోర్టు రాసిపెడతాడు, ఆ పనికి అతనికి ప్రభుత్వమే డబ్బిస్తుంది. ఈ సంగతి తెలియకపోతే దళారి చేతిలో పడిపోవడమే.

అసలు చిక్కు మిషన్ దగ్గర లేదు, మామిడికాయ దగ్గర ఉంది. ఆవకాయ వ్యాపారానికి ఏడాది సరుకంతా ఎండాకాలంలో కొద్ది వారాల్లో కొనాలి. పుల్లటి గట్టి కాయ దొరికే రోజులు తక్కువ. అదే సమయంలో మలక్‌పేట గంజ్ నుంచి మిర్చి, ఆవాలు, వెల్లుల్లి, డబ్బాలకు డబ్బాలు నూనె, జాడీలు కావాలి. కాయ ముక్కలు కొట్టే ఆడవాళ్లకు ఏ రోజు కూలి ఆ రోజే ఇవ్వాలి. డబ్బంతా ఎండాకాలంలోనే పోతుంది, రాబడి మళ్లీ ఎండాకాలం దాకా చిన్న చిన్న సీసాల్లో వస్తుంది. టర్మ్ లోన్ మీద కొన్న మిషన్ మాత్రం జూన్ నుంచే నెలనెలా వాయిదా అడుగుతుంది. మిషన్‌కు అప్పిచ్చి, మామిడికాయకు ఇవ్వకపోతే ఆ యూనిట్ నిలబడదు. అదే పథకంలో ఒక్కో సంఘ సభ్యురాలికి 40 వేల దాకా మూలధనం ఇచ్చే అంశం ఉంది. అది సంఘాల సమాఖ్యకు గ్రాంటుగా వచ్చి, సభ్యురాలికి అప్పుగా వెళ్లి, తిరిగొచ్చాక మరొకరికి చేరుతుంది. 35 శాతం సబ్సిడీ కన్నా ఈ చిన్న మొత్తమే ఎక్కువ ఇళ్లు నిలబెడుతుందని నా నమ్మకం.

2011లో ఏర్పడిన మహిళా సంఘాల పరపతి సంస్థ స్త్రీనిధి ఇలాంటి అవసరం చూసే పుట్టింది. గ్రామ సంఘం ద్వారా అడిగిన అప్పు 48 గంటల్లో ఖాతాలో పడాలన్నది దాని లక్ష్యం. దానికి ముందు ఏడాది సంగతులు ఎవరూ మరచిపోలేదు. వారం వారం వాయిదాలతో ఇంటికొచ్చి కూర్చున్న మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్లతో ఆత్మహత్యలు జరిగితే, 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఇక వడ్డీలేని రుణాల సంగతి. సంఘాలు ముందు వడ్డీతో సహా కట్టాలి, ఆ వడ్డీ ప్రభుత్వం నుంచి తర్వాత తిరిగి వస్తుంది. అది ఏళ్ల తరబడి ఆగిపోయిన కాలాన్ని మహిళలు ఓపికతో భరించారు. వాళ్ల ఓపికను బడ్జెట్ లెక్కల్లో వాడుకోవడం అన్యాయం.

అప్పు ఎవరు ఇవ్వాలన్న ప్రశ్న పాతదే. 1860లలో జర్మనీలో రైఫైజన్ అనే ఆయన ఊరివాళ్లే ఒకరికొకరు పూచీ ఉండి నడుపుకునే పరపతి సంఘాలు పెట్టాడు. మద్రాసు ప్రభుత్వం పనుపున ఫ్రెడరిక్ నికల్సన్ వాటిని అధ్యయనం చేసి 1890లలో నివేదిక ఇచ్చాడు. దేశంలో 1904లో సహకార పరపతి చట్టం వచ్చింది. నిజాం రాజ్యంలో 1914లో సంఘాలు మొదలయ్యాయి. అయినా 1951-52 నాటి అఖిల భారత గ్రామీణ పరపతి సర్వేలో రైతు తెచ్చే అప్పులో సహకార సంఘాల వాటా 3 శాతం చిల్లర, వడ్డీ వ్యాపారులది దాదాపు 70 శాతం.

ఆ సర్వే వచ్చిన కొద్ది ఏళ్లకే, 1956లో, అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకును ప్రారంభించారు. ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉన్న ఆ సంఘం పద్నాలుగు గ్రామాలకే పరిమితమై దేశమంతా పేరు తెచ్చుకుంది. అక్కడ అప్పిచ్చే సంఘమే విత్తనం, ఎరువు ఇస్తుంది, పంట కూడా కొంటుంది. అప్పు పంట డబ్బులోంచే తీరుతుంది. అడ్తిదారు చేసే పని కూడా సరిగ్గా ఇదే, అప్పు ఇవ్వడం, సరుకు కొనడం. తేడా అల్లా లాభం ఎవరి దగ్గర మిగులుతుందన్నది. 2000లో అదే ముల్కనూరులో మహిళలు తమ సొంత పాల డెయిరీ పెట్టుకున్నారు. పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లులోంచి వాయిదా పట్టుకుంటే గేదె మీది అప్పు భారం అనిపించదు. రాబడి ఎప్పుడు వస్తుందో చూసి వాయిదా పెట్టడమంటే ఇదే.

మంచాలకు అలాంటి ఏర్పాటు అందని పండేమీ కాదు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను ఎరువుల బస్తాలు, ధాన్యం కొనుగోళ్ల దగ్గరే ఆపేయకుండా కూరగాయల సేకరణకు దించాలి. పంట తరువాత కావలసిన గోదాములు, శీతల గదుల కోసం వ్యవసాయ మౌలిక వసతుల నిధి ఉంది. 2020లో లక్ష కోట్లతో ప్రకటించిన ఆ నిధి కింద 2 కోట్ల వరకు అప్పుపై ఏడేళ్ల పాటు 3 శాతం వడ్డీ రాయితీ వస్తుంది, సహకార సంఘాలూ రైతు ఉత్పత్తిదారుల సంస్థలూ తీసుకోవచ్చు. టమాటా రెండు రోజులు ఆగగలిగితే రైతు బేరం ఆడగలుగుతాడు. కౌలుదారుకు గ్రామసభలో పదిమంది ఎదుట సాగు ధ్రువపత్రం ఇవ్వాలి. భూమి హక్కుతో దానికి సంబంధం లేదని అందులోనే రాస్తే యజమానికీ గుబులుండదు. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో వ్యవసాయ విస్తరణాధికారి ప్రతి సీజన్‌లో నమోదు చేస్తూనే ఉన్నాడు. ఆ నమోదులో సాగుదారు పేరు రాసి బ్యాంకుకు పంపితే చాలు, కొత్త సర్వే అక్కర్లేదు.

ఫ్యూచర్ సిటీ ప్లానులో రోడ్లకు, సంస్థలకు స్థలం గీస్తున్నారు. కూరగాయలు దించుకుని శుభ్రం చేసే షెడ్డు, మహిళా సంఘాలు అద్దెకు వాడుకునే ఉమ్మడి వంటశాల, ఒక శీతల గది కూడా అదే నకశాలో గీయాలి. నేల ధర ఇంకా పెరిగాక వాటికి గజం స్థలం కూడా దొరకదు.