ఒండ్రు జాడలో నాలుగు రోజులు

యాత్ర అనగానే మనవారికి పుణ్యక్షేత్రాలో, శీతల పర్వతప్రాంతాలో జ్ఞాపకానికి వస్తాయి. మన కాళ్ల క్రింది నేల ఎక్కడి నుండి వచ్చినదో చూచి రావడం కూడా ఒక యాత్రయే. ఒకానొక వేసవిలో భార్యాభర్తలమైన మేమిద్దరం పాత కారులో ఒక గుడారం, రెండు చాపలు, మంచినీళ్ల క్యాను పెట్టుకొని కాకినాడ సముద్రతీరం నుండి మారేడుమిల్లి కొండల వరకు చేసిన ప్రయాణం అటువంటిదే. గోదావరి తెచ్చిన ఒండ్రు జాడను దిగువ నుండి ఎగువకు వెదకుకుంటూ పోవడం మా సంకల్పం.

మే నెల ఎండలో ప్రయాణమేమిటని బంధువులు మందలించారు. కాని నదిని గురించి తెలుసుకోదలచిన వారికి వేసవి ఎంతో అనువైన కాలం. దాళ్వా కోతలు ముగిసిన పిదప మరమ్మతుల నిమిత్తం కాలువలు కట్టివేస్తారు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు సముద్రంలో వేటకు పోరాదు. నీరు విశ్రమించిన ఆ రోజులలోనే దాని అడుగున ఉన్న మట్టి మన కంటబడుతుంది. ప్రయాణమంతా తెల్లవారుజామున, సాయంత్రం సాగించి, మధ్యాహ్నం చెట్టునీడన గడిపితే ఎండ అంతగా బాధించదు.

మొదట ఉప్పాడ వెళ్లాము. జమ్‌దానీ చీరల నేతకు పేరుపడ్డ ఆ ఊరి తీరాన్ని సముద్రం ఏళ్ల తరబడి కోసివేస్తూ ఉన్నది. కూలిన గోడలు, అలల తాకిడికి చెదరిన రాళ్లు చూచి మా మనస్సు బరువెక్కినది. అక్కడి నుండి వెనుదిరిగి, కాకినాడ దాటి కోరంగి చేరేసరికి దృశ్యం పూర్తిగా మారినది. అక్కడ సముద్రం నేలను తీసుకొనిపోవడం లేదు. నది నేలను పోస్తున్నది. బురదలో నుండి పైకి పొడుచుకొని వచ్చిన వేళ్లతో గాలి పీల్చుకొనే మడచెట్లు ఆ ఒండ్రును పట్టి నిలుపుతాయి, తుపాను అలల ఉధృతిని తగ్గిస్తాయి. ఈ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఒకనాడు కోరంగి గొప్ప ఓడరేవు. బర్మాకు వలస పోయిన మనవారిని అక్కడ కోరంగీలని పిలిచేవారంటే ఆ రేవు ప్రఖ్యాతి ఊహించవచ్చును. 1839 నవంబరులో వచ్చిన తుపాను దానిని నాశనం చేసినది.

కాకినాడ రేవుకు అడ్డుగోడ వలె నిలిచిన హోప్ ఐలాండు కూడా ఈ నది సృష్టియే. గోదావరి ముఖద్వారం నుండి వచ్చిన ఇసుక సుమారు రెండు శతాబ్దాలుగా మేటవేసి ఆ దీవి అయినది. అనగా ఒకే తీరంలో ఒకచోట నేల పుడుతున్నది, మరొకచోట చస్తున్నది.

యానాం, ద్రాక్షారామం మీదుగా మరునాడు ధవళేశ్వరం చేరాము. కరువులతోను, వరదలతోను కృశించిన ఈ సీమకు 1847–52 మధ్య ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించిన సంగతి మనకందరికీ తెలిసినదే. దాని స్థానంలో 175 తలుపులతో నిర్మించిన నేటి బ్యారేజి 1982లో పూర్తి అయినది. సుమారు 10 లక్షల ఎకరాల మాగాణి దీని నీటిపై ఆధారపడి ఉన్నది. బ్యారేజి దిగువన ఇసుకతిన్నెలు ఎండలో మెరుస్తుంటే, ఇక్కడే గౌతమి, వశిష్ఠలుగా చీలే నది ఎంత సన్నబడినదో కనబడినది. నాసిక్ సమీపాన త్ర్యంబకం వద్ద పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి తెచ్చే ఒండ్రులో నేడు చాలా భాగం ఎగువ జలాశయాలలోనే నిలిచిపోతున్నది. నీరు నిలిపినందువల్ల మనకు అన్నం దొరికినది. మట్టి నిలిచిపోవడం వల్ల తీరానికి ఆహారం తగ్గినది. ఉప్పాడ కోతకు అలల పోకడ, తీరపు వంపు వంటి ఇతర కారణాలు ఉన్నప్పటికీ, ఈ ఒండ్రు కొరత కూడా డెల్టా తీరానికి పెద్ద ముప్పే.

రాజమహేంద్రవరంలో ఆ రాత్రి విశ్రమించి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరాము. అటవీ సిబ్బంది అనుమతితో ఒక వాగు ప్రక్కన గుడారం వేయదలచాము. వాగు ఎండి, నడుమ ఇసుక పరుపువలె మెత్తగా ఉన్నది. అక్కడే మేకులు దిగగొట్టుతుండగా, అటు పోతున్న ఒక కొండరెడ్డి వృద్ధుడు ఆగి, "ఇసుక మీద పండుకోకండి బాబూ. పైన వాన పడితే వాగు చెప్పి రాదు. అమ్మను తీసుకొని గట్టెక్కండి" అన్నాడు. ఆకాశంలో మబ్బు లేదు. అయినా పెద్దవాని మాట కాదనలేక గట్టు మీదికి మారాము.

అర్ధరాత్రి దాటిన తర్వాత దూరాన ఉరుములు వినిపించాయి. మా గుడారంపై నాలుగు చినుకులైనా పడలేదు. కొంతసేపటికి రాళ్లు దొర్లుతున్న చప్పుడుతో వాగు వచ్చినది. టార్చిలైటు వెలుగులో చూస్తే, మేము మొదట మేకులు దిగిన చోట ఎర్రని నీరు మోకాలి లోతున పరుగిడుతున్నది. మేము ఒకరి చేయి ఒకరం పట్టుకొని తెల్లవారేదాకా అట్లే కూర్చున్నాము. ప్రాణం దక్కినదన్న ఊరటతో పాటు మరొక ఆలోచన కూడా మాకు కలిగినది. గ్రంథాలలో చదువుకొన్న ఒండ్రు మా కళ్లముందే కొండ దిగి, గోదావరి వైపు సాగిపోతున్నది.

తెల్లవారి ఆ వృద్ధుని కోసం వెదకాము; కనబడలేదు. గుడారం వేయగోరు మా విద్యార్థులకు ఆయన తరఫున ఈ మాటలు చెప్పుచున్నాము. ఎండిన వాగులో ఎన్నడూ పడుకొనరాదు. ఎండుటాకుల అడవిలో నిప్పు రాజేయరాదు. దోమతెర, కాచిన నీరు మరువరాదు. అన్నింటికీ మించి, ఆ ఊరివారి మాటను పెడచెవిని పెట్టరాదు.

నాలుగవ రోజు సాయంకాలం కాకినాడ చేరి కారు తుడుస్తుంటే చక్రాలకు ఎర్రమట్టి అంటుకొని ఉన్నది. నది వర్షాకాలాల తరబడి మోసుకొని రావలసిన మట్టిని మేము ఒక్క పూటలో తెచ్చాము. మేము తెచ్చినది పిడికెడు. ఈ తీరానికి కావలసినది మాత్రం గోదావరి ఒక్కతే తేగలదు.