పగడాలకు జబ్బు చేస్తే

పగడాలనగానే మీకు అమ్మమ్మ మెడలోని ఎర్రని పూసలు గుర్తుకు వస్తాయి గదా! అవి మధ్యధరా సముద్రంలో దొరికే ఒక జాతి పగడం. నేను చెప్పబోయేవి వాటికి చుట్టాలేగాని మెడలో వేసుకునేవి కావు. ఇవి ప్రాణంతో ఉండి, ఒక గాజుతొట్టిలో కాపురం చేస్తున్నవి.

2023 వేసవిలో నేను అమెరికాలోని న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. పద్నాలుగేళ్ళ మా మనవడు అక్కడ 150 లీటర్ల తొట్టిలో ఒక చిన్న సముద్రాన్నే పెట్టుకున్నాడు. ఈ వేడుక కొత్తదేమీ కాదు. సముద్రంలోని జీవమున్న రాళ్ళూ, గాలిబుడగలూ ఉపయోగించి ఇంట్లో పగడాలను పెంచే పద్ధతిని 1961లోనే జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్ ఒక పత్రికలో వివరించాడు. మావాడి పగడాలు సముద్రం నుంచి విరిచి తెచ్చినవి కావు, తొట్లలోనే పెరిగిన వాటి ముక్కలు. మన దేశంలో సముద్రం నుంచి పగడాలు తీయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మీలో ఎవరికైనా సరదా పుడుతుందేమోనని ముందే చెబుతున్నాను!

నేను వెళ్ళేసరికి వాడి ముఖం వాడిపోయి ఉన్నది. "తాతయ్యా, నా పగడాలు చచ్చిపోతున్నాయి" అన్నాడు.

పగడం రాయీ కాదు, మొక్కా కాదు, జంతువు. చిన్న ఒళ్ళు, నడుమ నోరు, దాని చుట్టూ వేళ్ళవంటి స్పర్శకాలు. గట్టి పగడాలు తమ కింద సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనబడని నాచు కణాలు అద్దెకు ఉంటాయి. వెలుతురు సాయంతో అవి ఆహారం తయారుచేసుకుని, అందులో చాలా భాగం ఇంటి యజమానికే అద్దెగా ఇచ్చేస్తాయి. పగడానికి బాధ కలిగితే ఆ అద్దెవాళ్ళను బయటికి గెంటేస్తుంది. అప్పుడది తెల్లబడుతుంది. తెల్లబడినంత మాత్రాన చచ్చినట్టు కాదు. పైన పలుచని ఒళ్ళు మిగిలి ఉంటే ఆశ ఉన్నట్టే. ఒళ్ళు ఊడి గూడు బయటపడిన చోట మాత్రం ఇక ప్రాణం లేదు.

తొట్టిలో ఒక కొమ్మల పగడం అడుగు నుంచి ఒళ్ళు ఊడి, ఎముకలాగా కనబడుతున్నది. పైన దీపానికి దగ్గరగా ఉన్నది పాలిపోయింది. మూల నీడలోని గొడుగు పగడం వారం రోజులుగా స్పర్శకాలు బయట పెట్టలేదట.

ఒక్క పగడమే జబ్బు పడితే దానికి పురుగు పట్టిందేమో, పొరుగు పగడం కుట్టిందేమో అని చూడాలి. (అవును, పగడాలు కుడతాయి! కొన్ని రాత్రిపూట పొడుగాటి స్పర్శకాలు చాచి పక్కవాణ్ణి కాల్చేస్తాయి.) దీపం కింద ఉన్నవే పాలిపోతే వెలుతురు ఎక్కువైందనుకోవచ్చు. ఇక్కడ పైదీ, కిందిదీ, మెత్తనిదీ, గట్టిదీ అన్నీ మంచం పట్టినవి. ఊళ్ళో అందరికీ ఒకేసారి విరేచనాలు పట్టుకుంటే మనం ముందు చూసేది మంచినీళ్ళ బావినే గదా!

నీటి వేడి చూశాం. 26 డిగ్రీలు, బాగానే ఉన్నది. చేపల మురికి వల్ల పుట్టే అమ్మోనియా లేదు. మావాడు నీటిని పరీక్షించి లెక్కలు ఒక పుస్తకంలో రాసుకుంటాడు. ఆ అలవాటు నాకు నచ్చింది. అందులో ఇలా ఉన్నది: కాల్షియం 420 ఉండవలసింది 335. మెగ్నీషియం 1280 ఉండవలసింది 1025. క్షారత 7 ఉండవలసింది 5.6. మూడూ తక్కువే గనుక, మూడు మందు సీసాలు కొని తెచ్చాడు. ఇంకా మూతలు తీయలేదు, అదే అదృష్టం.

"ఆగరా నాయనా! ముందు భాగహారం చెయ్యి" అన్నాను.

చేశాడు. మూడింటిలోనూ ఉండవలసినదానిలో అయిదింట నాలుగు వంతులే ఉన్నది! పగడాలు గూడు కట్టుకోవడానికి వాడుకున్నట్టయితే క్షారత ముందుగా తగ్గాలి, కాల్షియం కొద్దిగా తగ్గాలి, మెగ్నీషియం దాదాపు కదలనే కూడదు. మూడూ సమంగా తగ్గినవంటే పాలలో నీళ్ళు కలిసినట్టే.

నాకు భూగోళ పాఠం జ్ఞాపకం వచ్చింది. మన్నారు సింధుశాఖలో, లక్షదీవులలో, అండమాన్ దీవులలో పగడపు దిబ్బలున్నవి. మన ఆంధ్ర తీరాన పెద్ద దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీళ్ళూ, ఒండ్రుమట్టీ పగడాలకు సరిపడవు. మావాడి తొట్టిలోకి కూడా ఏదో గోదావరి వచ్చి చేరుతున్నదన్నమాట!

"కాదు తాతయ్యా, ఉప్పు సరిగానే ఉన్నది" అని వాడు తన పరికరం చూపించాడు. అదొక చిన్న గాజుపెట్టె. నీళ్ళు పోస్తే లోపలి ముల్లు పైకి లేస్తుంది. ఉప్పు ఎక్కువైనకొద్దీ ఇంకా పైకి లేస్తుంది. ముల్లు సరిగ్గా 1.026 దగ్గర నిలబడింది. సముద్రపు నీటికి ఉండవలసిన అంకె అదే.

సరే, పరికరానికే పరీక్ష పెడదామన్నాను. సన్నని మెడ ఉన్న సీసా ఒకటి తీసుకుని, వంటింటి కాటా మీద అందులో శుద్ధమైన నీళ్ళు 1000 గ్రాములు పోసి, నీరు నిలిచిన చోట గీత పెట్టాం. అది వంచేసి, తుడిచి, అదే గీత వరకు తొట్టి నీళ్ళు పోశాం. రెండు నీళ్ళూ ఒకే వేడిమిలో ఉండేటట్టు ముందుగా ఒక పూట పక్కపక్కన ఉంచాం లెండి. సముద్రపు నీరైతే 1026 గ్రాములు తూగాలి. 1021 తూగింది. నమ్మలేక మావాడు మరి రెండుసార్లు తూచాడు. అదే వచ్చింది. అంటే కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పు ఉండవలసిన చోట సుమారు 28 గ్రాములే ఉన్నది. అదీ అయిదింట నాలుగు వంతులే!

మరి ముల్లు ఎందుకు అబద్ధమాడింది? భూతద్దం పెట్టి చూస్తే దాన్ని అంటుకుని సన్నని గాలిబుడగలు ఉన్నవి. అవి దాన్ని పైకి మోస్తున్నవి. పెట్టెను వేలితో రెండుసార్లు తట్టగానే బుడగలు పోయి ముల్లు కిందికి జారింది. వారం వారం కొత్త ఉప్పునీరు కలిపేటప్పుడు మావాడు ఈ ముల్లునే నమ్మి, పలుచని నీళ్ళు పోస్తూ వచ్చాడు.

ఆ సంగతి తెలియగానే ఉప్పు డబ్బా అందుకోబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. నెలల తరబడి పలుచని నీటికి అలవాటుపడిన ఒళ్ళు ఒక్క పూటలో మారిన నీటిని తట్టుకోలేదు. ఆ తొట్టి నుంచి రోజుకు రెండున్నర లీటర్ల నీరు ఆవిరైపోతుంది. ఉప్పు ఆవిరి కాదు గనుక మామూలుగా అక్కడ మంచినీళ్ళు పోస్తారు. దానికి బదులు లీటరుకు 35 గ్రాముల లెక్కన ఉప్పునీళ్ళు పోయమన్నాను. మొత్తం కిలోకు పైగా ఉప్పు కావలసి వచ్చింది. ఎన్ని రోజులు పట్టిందో మీరే లెక్క వేయండి.

గొడుగు పగడం మొదట స్పర్శకాలు బయట పెట్టింది. పాలిపోయినదానికి రంగు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. కొమ్మల పగడం మాత్రం బతకలేదు. మావాడు దాని తెల్లని గూడును పారవేయలేదు. గీత పెట్టిన ఆ సీసా పక్కనే అలమరలో పెట్టుకున్నాడు.