పాసుపుస్తకం చూసి ఇచ్చిన సాయం

2020లో ఉగాది, లాక్‌డౌన్ ఒకే రోజున వచ్చాయి, మార్చి 25న. అరటి రైతుకి ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా, ఆపైన పెళ్ళిళ్ళ దాకా నాలుగు డబ్బులు కళ్ళజూసే రోజులవి. ఆ ఏడు గుళ్ళు మూసేశారు, ముహూర్తాలు వాయిదా పడ్డాయి, ఒడిశా లారీలు రాలేదు. మా గోదావరి లంకలో చక్కెరకేళి గెలలు తోటలోనే వేలాడుతూ ఉండిపోయాయి.

సైకిలుకి రెండువైపులా గెలలు కట్టుకుని రావులపాలెం యార్డుకి తోసుకెళ్ళడం మాకు అలవాటు. ఆ నెలలో వెళ్ళినవాళ్ళు అడిగినకాడికి ఇచ్చేసి వచ్చారు. ధాన్యమైతే ఆరబెట్టి బస్తాలకెత్తి కొన్నాళ్ళు ఆగొచ్చు. గెల ఆగదు. కాయ అంచులు పోయి గుండ్రంగా తేరిందంటే కోసెయ్యాలి, లేదంటే చెట్టునే పండి పగులుతుంది. పగిలిన కాయ ఎవరూ కొనరు. మావి కొన్ని గేదెల పాలయ్యాయి.

ఏప్రిల్‌లో ఫోనుకి మెసేజ్ వచ్చింది, పీఎం కిసాన్ 2,000 పడిందని. మే 15న రైతు భరోసా కింద రాష్ట్రం 5,500 వేసింది. కూలీల బాకీ తీరింది, కాదనను. కానీ ఈ డబ్బు లెక్క ఒకసారి విప్పి చూడాలి.

మార్చి 26న నిర్మలా సీతారామన్ ప్రకటించిన 1.70 లక్షల కోట్ల ప్యాకేజీలో 8.69 కోట్ల మంది రైతులకి తలా 2,000 అన్నారు. అది 2019 ఫిబ్రవరిలో మొదలైన పథకంలో ఏటా వచ్చే 6,000లో ఒక విడతే. ఏప్రిల్, జూలై మధ్య ఎలాగూ రావాల్సిందాన్ని ఏప్రిల్ మొదట్లోనే వేశారు. రాష్ట్రం ఇచ్చిందీ, ఆ 6,000 కలుపుకుని 2019లోనే మాటిచ్చిన 13,500లో భాగమే. కరోనా పేరున మా ఇంటికి కొత్తగా చేరింది ఉచిత బియ్యం, మా ఆవిడ జన్‌ధన్ ఖాతాలో మూడు నెలలపాటు 500. మే నెలలో 20 లక్షల కోట్ల ప్యాకేజీ అన్నారు. అందులో కిసాన్ కార్డుల మీద రైతులకి చూపిన 2 లక్షల కోట్లు అప్పు. తిరిగి కట్టాల్సిన డబ్బుని సాయమంటే ఎట్లా?

ముందుగా వెయ్యడం మంచిదే. నా బాధ వేరు. ఏ పంట పోయిందని ఆ డబ్బు అడగలేదు, ఎవరు సాగు చేశారనీ అడగలేదు. పాసుపుస్తకం ఎవరి పేర ఉందో చూసి పోయింది. 70 సెంట్లున్న నాకూ, పదెకరాలున్న వాళ్ళకీ ఏడాదికి అదే 13,500 పడేది. తెలంగాణ రైతుబంధులో అప్పుడు ఎకరాకి సీజనుకి 5,000, అంటే భూమి పెరిగేకొద్దీ డబ్బు పెరిగేది. అక్కడ కౌలు రైతు ఊసే లేదు.

ఆంధ్రలో ఉంది, షరతులతో. భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారుకి అప్పుడు రాష్ట్రమే 13,500 ఇచ్చేది. 2019 చట్టం కింద సాగు హక్కు కార్డు ఉండాలి, కార్డుకి భూయజమాని సంతకం కావాలి. మా గట్టు పక్కన రెండెకరాలు కౌలుకి చేసే అన్న, హైదరాబాదులో ఉండే ఆసామికి ఫోన్ చేశాడు.

“ఒక్క సంతకమేనండీ.”

“కార్డు మీద నీ పేరెక్కితే రేపు పొలమే నాదంటావు. లాక్‌డౌన్ అయ్యాక చూద్దాంలే.”

రెండెకరాల గెలలూ పోయాయి అన్నకి. రైతు భరోసా పడింది ఆసామి ఖాతాలో. కౌలు మాత్రం రూపాయి తగ్గలేదు.

ఆ కార్డు గడువు 11 నెలలు. దానివల్ల కౌలుదారుకి భూమి మీద ఏ హక్కూ రాదని చట్టమే చెబుతోంది. కౌలుదారు కార్డు తీసుకున్నాడని యజమానికి వచ్చే సాయమూ ఆగదు. ఆ తర్వాత రైతు భరోసా పేరు అన్నదాత సుఖీభవగా మారింది, 2025లో ఏడాది మొత్తం 20,000 అయింది. కౌలుదారుకి కార్డు అవసరం మాత్రం తీరలేదు. ఊళ్ళో పొలం కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్నవారెవరైనా ఇది చదువుతుంటే, ఈసారి ఖరీఫ్‌కి ముందే ఆ సంతకం పెట్టెయ్యండి.