గాలపు దారము: ఒంటిపోగా, అల్లికయా?

గాలము వేయువాడు కఱ్ఱను ఏరికోరి కొనును. రీలును పదిమారులు త్రిప్పి చూచును. ఎఱను గూర్చి కనబడిన వారినెల్ల విచారించును. కాని తనకును చేపకును నడుమ నున్న ఒకే ఒక్క బంధమైన దారము విషయమున మాత్రము, అంగడివాడు చేతికిచ్చిన చుట్టను పుచ్చుకొని, దానిమీద అచ్చువేసిన పౌండ్ల అంకెను చూచి తృప్తిపడును. ఆ అంకె అసత్యము కాదు. అయినను అది గీత పడని క్రొత్తదారమును యంత్రముతో లాగి చూచి వ్రాసినది. నీటిలో దారము తెగునది ముడియొద్దనో, రాతికి ఒరసికొన్న చోటనో, ఎండకు పెళుసెక్కిన భాగముననో గావున, కొనువాడు మొదట ఆలోచింపవలసినది తాను వేటాడు చోట దారమునకు ఏ వైపునుండి ఆపద రాగలదో యని.

పూర్వము నూలు, జనుము, పట్టు దారములే గాలమునకు ఆధారములు. నీట నానిన కొలది అవి చివికిపోవును గనుక వేట ముగియగనే విప్పి ఆరవేయుట నిత్యకృత్యముగా నుండెను. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ పరిశోధనశాలయందు వాలెస్ కరోథర్స్ నైలానును సృజించిన పిమ్మట ఆ శ్రమ తీరినది. కరగిన నైలానును సన్నని రంధ్రముగుండ వెలికి తీసి, చల్లార్చి, సాగదీసినచో అతుకులేని ఒంటిపోగు ఏర్పడును. అదియే మోనోఫిలమెంట్, వేటగాండ్ర వాడుకలో మోనో. అల్లికదారమైన బ్రెయిడ్‌కు మూలపదార్థము వేఱు. 1970వ దశకము చివర హాలండులోని డీఎస్ఎం సంస్థయందు పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా అను శాస్త్రజ్ఞులు, అత్యధిక అణుభారము గల పాలీఇథిలీనును ద్రావకమున కరగించి పోగుతీసి అనేక రెట్లు సాగదీయు విధానమును రూపొందించిరి. డైనీమా యను పేర బజారునకు వచ్చిన ఆ పోగు సమాన బరువు గల ఉక్కుతీగకంటె ఎన్నో రెట్లు బలిష్ఠము. అట్టి పోగులను నాలుగుగనో ఎనిమిదిగనో చేర్చి జడవలె అల్లినదే బ్రెయిడ్.

ఈ రెంటికిని గల ముఖ్యభేదము సాగుదలయందున్నది. నైలాను బలముగా లాగినపుడు తన పొడవులో ఐదవవంతు వఱకును సాగగలదు. అల్లికదారము సాగుట అత్యల్పము. దీనినిబట్టి బ్రెయిడే మేలని తొందరపడరాదు. పెద్దచేప ఒక్కసారిగా విదిలించినపుడు సాగెడు దారము ఆ తాకిడిని తనలో ఇముడ్చుకొని, గాలము చేపనోటిని చీల్చుకొని రాకుండ కాపాడును. మెత్తని పెదవులు గల శీలావతి, బొచ్చె వంటి చేపలకు చెఱువులలోను గోదావరిలోను నేలగాలము వేయువానికి మోనోయే హితము. నీటికంటె కొంచెము బరువైనది కనుక అది మెల్లగా మునుగును, పారదర్శకము కనుక చేపకు అంతగా కనబడదు, వెలయు తక్కువ. క్రొత్తగా నేర్చుకొనువారు, ఎవరేమి చెప్పినను, పది పన్నెండు పౌండ్ల మోనోతోనే ప్రారంభింపవలెనని నా దృఢాభిప్రాయము.

తామరతీగలును గుఱ్ఱపుడెక్కయు అల్లుకొన్న మడుగులో కొర్రమీనును పట్టదలచిన వానికి మాత్రము మోనో చాలదు. అచ్చట చేప కప్ప ఎఱను అందుకొన్న మరుక్షణమే దానిని పైకి లాగనిచో అది కాడలలో దూరి చుట్టుకొనును. దారము సాగుచున్నంతసేపు ఆ క్షణము చేజాఱిపోవును. సాగని బ్రెయిడ్ చేతి ఊపును వెంటనే గాలమునకు చేర్చును. సన్ననిది గనుక లేతకాడలను కోసికొనుచు వచ్చును. 20 పౌండ్ల మోనో మందము దాదాపు 0.45 మిల్లీమీటర్లుండగా, అదే బలముగల బ్రెయిడ్ 0.23 మిల్లీమీటర్లకు మించదు. ఇందువలన రీలులో ఎక్కువ దారము పట్టును, విసరు దూరమును పెరుగును.

ఇన్ని గుణములున్న ఆ దారమే రాతిముందు నిస్సహాయమగును. కాకినాడ చేరువ కోరింగ మడఅడవుల పాయలలో చెట్లవేళ్లకు ఆలిచిప్పలంటుకొని యుండును. లాగుడుమీద నున్న అల్లికదారము వాని అంచును తాకినచో సన్నని పోగులు ఒకటి వెంట నొకటి తెగి, దారమంతయు క్షణములో వీడిపోవును. అచ్చటి పండుగప్పకు మొప్పలకప్పు అంచులును కత్తులే. కావున ప్రధానదారము బ్రెయిడ్ అయినను, గాలమునకు ముందు ఒక బార పొడవున దళసరి మోనోను చేర్చవలెను. వంజరము పళ్లకైతే అదియు నిలువదు, ఉక్కుతీగయే శరణ్యము.

ముడి బిగించు క్షణమును దగ్గఱగా పరిశీలింపవలెను. పొడిగా నున్న మోనోను ఒక్క గుంజున బిగించినచో చుట్లు ఒకదానితో నొకటి ఒరసికొని వేడెక్కి, ముడి ప్రక్కన దారము ఉంగరాలు తిరిగి తెల్లబాఱును. రేపు చేప లాగినపుడు తెగునది ఆ తెల్లని చోటనే. నోటితడితో తడిపి మెల్లమెల్లగా లాగినచో చుట్టుప్రక్క చుట్టు ఒద్దికగా ఒదిగి కూర్చుండును. బ్రెయిడ్‌ది జాఱుడు స్వభావము కనుక మోనోకు చాలిన ముడి దానికి చాలదు. దారమును రెట్టించి గాలపుకంటిలో దూర్చి వేయు పాలోమార్ ముడి దానికి తగినది. రీలునకు చుట్టునపుడును అడుగున కొంత మోనో చుట్టి దానిపై బ్రెయిడ్‌ను వేయనిచో చుట్ట మొత్తము నున్నని స్పూలు మీద గిఱగిఱ తిరిగిపోవును. వదులుగా చుట్టుటయు తప్పే. చేప లాగినపుడు పైదారము క్రింది చుట్లలో దిగబడి చిక్కుకొనును. చిక్కుకొన్న బ్రెయిడ్‌ను వట్టిచేతికి చుట్టి లాగుట ఎన్నడును తగదు. అది మాంసమును కోయును. కఱ్ఱముక్కకు చుట్టి లాగవలెను.

ఇక సంరక్షణ. నైలానునకు ఎండ పరమశత్రువు. కారు అద్దము వెనుకను, మిద్దెమీదను రీలును వదలివేసినచో దారము బయటికి బాగుగనే కనబడుచు లోలోపల పెళుసెక్కును. వేటకు బయలుదేరుటకు ముందు చివరి రెండు బారలను దూదిపింజ నడుమ పెట్టి లాగి చూచినచో గీతపడిన ప్రతిచోటను దూదిపోగు తగులుకొనును. అంతవఱకు నిర్దాక్షిణ్యముగా కత్తిరింపవలెను. స్ప్రింగువలె చుట్లు తిరిగి విడివడని మోనోను, తఱచుగా వేటాడువారు ఏటేట మార్చుకొనుట మంచిది. బ్రెయిడ్ రంగు వెలిసినంత మాత్రమున చెడినట్లు కాదు. నూగు లేచినచో చెడినట్లు. సముద్రమునుండి వచ్చిన నాడు రెంటిని మంచినీట కడిగి నీడను ఆరవేయవలెను. పైభాగము అరగిన బ్రెయిడ్‌ను తలక్రిందుగా తిరిగి చుట్టినచో, నీటి మొగము చూడని లోపలి భాగము పైకి వచ్చి మరికొన్నేండ్లు పనికివచ్చును. ఆ పొదుపును తలచిన బ్రెయిడ్ యొక్క అధికమైన వెల అంత భారముగా తోచదు.

నైలాను గాని పాలీఇథిలీను గాని నేలలో కుళ్లవు. గట్టున పాఱవేసిన దారము కొంగకాళ్లకును, మన తీరమునకు గ్రుడ్లు పెట్ట వచ్చు ఆలివ్ రిడ్లీ తాబేళ్ల మెడలకును ఉరియగును. కావున కత్తిరించిన ప్రతి తునకను జేబులో వేసికొని ఇంటికి తెండు. జానెడుకంటె పొట్టిగా ముక్కలు చేసి చెత్తబుట్టలో వేయుడు. ఇతరులు విడిచిన దారము కంటబడినను అట్లే చేయుడు.